బ్లేడు మీద బంకను కాపాడుకుందాం

టేబుల్ సా (బల్ల మధ్యలోంచి పైకి పొడుచుకొచ్చి తిరిగే గుండ్రటి రంపం) బ్లేడును అప్పుడప్పుడు కడగాలని కొందరు ప్రచారం చేస్తున్నారు. వీళ్లను ఓ కంట కనిపెట్టాలి. కర్ర కోస్తుంటే పొగ వస్తోందా? చెప్పుకోవడానికి పరువైన కారణాలు బోలెడున్నాయి. కర్ర పచ్చిది, మోటారు పాతది, బ్లేడు అమ్మినవాడు మోసగాడు. ఇన్ని ఉండగా, పళ్ల పక్కన చడీచప్పుడు లేకుండా పేరుకున్న గోధుమరంగు బంకను అనుమానించడం ఏం న్యాయం?

అసలు ఆ బంకది ఎంత పట్టుదలో చూడండి. పైన్‌లాంటి కర్రలోని జిగురు, ప్లైవుడ్‌లో పొరల్నీ, ఎండీఎఫ్ అనే అదిమిన పలకలో కర్ర నారనూ పట్టి ఉంచే గమ్ము కోత వేడికి మెత్తబడి, సన్నపొట్టును కలుపుకుని, పళ్ల పక్కలకూ వాటి మధ్య సందులకూ అంటుకుని, చల్లారాక రాయి అవుతుంది. మామూలు 10 అంగుళాల బ్లేడులో కార్బైడ్ అనే గట్టి పదార్థంతో చేసిన పన్ను వెడల్పు సుమారు 3.2 మి.మీ., దాని వెనక ఉక్కు పళ్లెం మందం 2.2 మి.మీ. ఉంటుంది. అంటే ఒక్కో పక్క అర మిల్లీమీటరు ఖాళీ జాగా. పళ్లెం కర్రను రాసుకోకుండా తిరగడానికని తయారీదారు వదిలిన జాగా అది. ఖాళీ జాగా కనిపిస్తే ఆక్రమించకుండా ఎలా ఉంటాం? బంకతో నింపేశాం. ఇక రాపిడి పెరుగుతుంది, దాంతో వేడి, ఆ వేడికి మరింత బంక. అంచు వేడెక్కి వ్యాకోచిస్తే పళ్లెం బిగువు తప్పి అల్లల్లాడుతుంది. కోసిన అంచు మీద నల్లచారలు పడతాయి. వాటిని డిజైన్ అనుకుంటే సరిపోయేదానికి ఇంత రాద్ధాంతం.

ప్రత్యర్థుల కుట్ర ఎలా సాగుతుందో తెలిసి ఉండటం మంచిది. వీళ్లు స్విచ్ ఆపి ఊరుకోరు, ప్లగ్గే పీకేస్తారు. బ్లేడును చేత్తో పట్టుకోకుండా రెండో స్పానర్‌తోనో ఆర్బర్ (బ్లేడును తిప్పే ఇరుసు) లాక్‌తోనో నిలబెట్టి, బ్లేడు తిరిగే దిశలోనే నట్టును తిప్పి వదులు చేస్తారు. వెడల్పాటి ప్లాస్టిక్ పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు, కాస్త బట్టల డిటర్జెంట్ కలిపి, బ్లేడును 10 నుంచి 15 నిమిషాలు నానబెడతారు. రాత్రంతా కాదు. తర్వాత నైలాన్ బ్రష్‌తో ఒక్కో పన్నునూ, ముందు ముఖం, రెండు పక్కలు, వెనక వీపు అంటూ తోముతారు. మనం మన పళ్లకే అంత సేవ చేయం. కడిగి, వెంటనే తుడుస్తారు. బ్లేడు ఉక్కు పళ్లెంలో కోసి ఉంచే సన్నటి వంకర చీలికల్లో నీటిబొట్టు దాక్కుంటుందని గాలి కూడా కొడతారు. అది నిలిస్తే తుప్పు అక్కడే మొదలవుతుందట. చివర పల్చగా పేస్ట్ వ్యాక్స్ అనే మైనం. సిలికాన్ స్ప్రే మాత్రం వద్దంటారు, అది కర్రకు అంటితే తర్వాత వేసే పాలిష్ పట్టదని.

మనలోనే కొందరు అత్యుత్సాహులున్నారు. కడగక తప్పకపోతే వంటింటి ఓవెన్ క్లీనర్ కొట్టేస్తారు. కార్బైడ్ అంటే టంగ్‌స్టన్ కార్బైడ్ రేణువుల్ని కోబాల్ట్ పట్టి ఉంచే ముద్ద. క్లీనర్‌లోని కాస్టిక్ అనే ఘాటు క్షారం ఆ కోబాల్ట్‌ను దెబ్బతీస్తుందని కొందరు తయారీదారులే హెచ్చరిస్తారు. పైగా చేతులూ కళ్లూ మనవే కదా. ఇంకో వర్గం స్క్రూడ్రైవర్ మొనతో బంకను గీకుతుంది. కార్బైడ్ గట్టిదే, కానీ పెళుసు. ఒక మూల చిట్లితే ఆ పన్ను ప్రతి చుట్టులోనూ కర్ర మీద తన సంతకం చేస్తుంది. బ్లేడులను ఒకదానిపై ఒకటి పేర్చినా ఇదే భాగ్యం. మధ్యలో ఓ ప్లైవుడ్ ముక్క వేయడం పిరికితనం.

అన్నిటికంటే ఘోరం, ఆ కడిగేవాళ్లు బ్లేడుతో ఆగరు. ఆర్బర్ మీద బ్లేడు ఆనుకునే బిళ్ల, అదే ఫ్లాంజ్, దాన్నీ తుడుస్తారు. ఫ్లాంజ్ వ్యాసార్ధం సుమారు 30 మి.మీ., బ్లేడుది 127. అక్కడ 0.1 మి.మీ. పొట్టు పలుకు ఇరుక్కుంటే అంచు దగ్గర 0.4 దాకా ఊగిసలాట వస్తుంది. దయచేసి ఈ లెక్క పిల్లల కంట పడనివ్వకండి.

శుభ్రమైన బ్లేడు తెచ్చే అసలు ప్రమాదం మరొకటి: సాకు పోతుంది. కడిగినా కర్ర కాలుతుంటే ఫెన్స్‌ను, అంటే కర్రను ఆనించి తోసే పక్క పట్టీని, చూడాల్సి వస్తుంది. దాని వెనక కొస బ్లేడు వైపు వాలి ఉంటే కర్ర నొక్కుకుపోయి కాలుతుంది, కిక్‌బ్యాక్‌గా మన మీదికి విసురుగా తిరిగొస్తుంది కూడా. ఫెన్స్ సరిగ్గా ఉంటే భూతద్దం పట్టుకుని పళ్ల మొనలు చూడాలి. మొద్దుబారిన అంచు మీద వెలుగు తెల్లగీతలా మెరుస్తుంది, పదునైన అంచు మెరవదు. మెరిస్తే సాన పట్టించాలి. సాన ప్రతిసారీ కార్బైడ్‌ను కాస్త తినేస్తుంది. బంకను పదునులేమి అని పొరబడి సానకు పంపితే మాత్రం కార్బైడ్ అరిగిపోతుంది, సానవాడికి చక్కటి వ్యాపారం కుదురుతుంది.

బిగించేటప్పుడు పై పళ్లు మనవైపు చూడాలన్నది వాళ్లూ మనమూ ఏకీభవించే ఒకే ఒక్క అంశం.

ఇంతకీ, బ్లేడు వెనక, కోసిన కర్ర మళ్లీ దగ్గరకొచ్చి బ్లేడును నొక్కకుండా నిలబడే రైవింగ్ నైఫ్ అనే రేకుకు రెండు పక్కలా ఇదే బంక అంటి ఉంటుంది. అదే నీళ్లతో, అదే బ్రష్‌తో పోతుంది. ప్రచారకుల్లో చాలామంది ఇంకా అటు చూసినట్టు లేదు. మీరు చెప్పకండి.