ఆరో మాడ్యూల్ కీ ఉండాదా సార్?

మన టీచర్లు ఆన్‌లైన్‌లో నేర్చుకోరని, ఒకరికొకరు వనరులు పంచుకోరని ఇంకా ఎవరైనా అంటున్నారంటే, వాళ్లు టీచర్ల ఆన్‌లైన్ శిక్షణ కోర్సు లాస్ట్ డేట్ నాటి వాట్సాప్ గ్రూపు ఎన్నడూ చూడలేదన్నమాట. రాత్రి తొమ్మిదిన్నరకి పలమనేరు నుంచి ఒక సారు దీనంగా అడుగుతారు, "ఆరో మాడ్యూల్ కీ ఉండాదా సార్?" అని. కీ అంటే మాడ్యూలు చివర అడిగే ప్రశ్నల జవాబుల పట్టీ. రెండు నిమిషాల్లో సత్యవేడు నుంచి జవాబు: 1-సి, 2-డి, 3-డి, 4-బి. వెంటనే పుత్తూరు మేడం ఒకరు "నాలుగు తప్పు సార్, డి పెట్టండి" అని దిద్దుతారు. విశ్వవిద్యాలయాల్లో దీన్ని పీర్ రివ్యూ అంటారు, నెలలు పడుతుంది. ఇక్కడ తొమ్మిదీ నలభైకల్లా నగరి నుంచి కుప్పం దాకా దండాల బొమ్మలు వరస కడతాయి. ఇంత వేగంగా, పైసా తీసుకోకుండా, ముఖ్యంగా ఇన్ని యూనియన్లకు అతీతంగా జ్ఞానం పంపిణీ అయ్యే చోటు ఇంకొకటి ఉంటే చూపించండి.

2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తిపరంగా ఎదగాలంది. మంచి మాటే. కానీ ఎదుగుదలకి గంటల లెక్క ఉందని తెలిశాక, మనవాళ్లు ఎదుగుదలని వదిలేసి లెక్క పట్టుకున్నారు. 2017లో ఆన్‌లైన్ పాఠాల కోసం దీక్ష వేదిక వచ్చింది. 2019లో టీచర్లకు నిష్ఠ అనే శిక్షణ మొదలైంది. కరోనా పుణ్యమా అని 2020 అక్టోబరులో ఆ నిష్ఠ 18 మాడ్యూళ్లతో ఈ దీక్షలోకి ఎక్కింది. దీక్ష అయింది, నిష్ఠ అయింది, ఇక మిగిలింది జాగరణ. అది లాస్ట్ డేట్ నాడు ఎలాగూ జరుగుతోంది. సర్వర్ గిర్రున తిరుగుతుంటే మా వీధిలో టీచర్ల ఇళ్లలో లైట్లు రెండింటి దాకా ఆరవు. శివరాత్రికి శ్రీకాళహస్తి పోయినవాళ్లు కూడా అప్పటికి ఓ మూల కునుకు తీస్తుంటారు.

నమ్మకం లేకపోతే ఆ వారంలో పొద్దున్నే తిరుపతిలో భాకరాపేట వైపు పోయే పల్లెవెలుగు ఎక్కండి. సగం బస్సు టీచర్లే. కాపురం తిరుపతిలో, బడి కొండ అవతల. ఒకే వీడియో ఆరేడు ఫోన్లలో, రెండేసి సెకన్ల తేడాతో మోగుతుంటుంది: "పిల్లవాడే కేంద్రంగా... వాడే కేంద్రంగా... కేంద్రంగా..." ఇయర్‌ఫోన్లు ఎవరూ పెట్టుకోరు. వినే ఉద్దేశం ఉంటే కదా! వీడియో ఆడితే చాలు, గంట జమ అయిపోతుంది. ఒక మేడం ఒడిలో ఫోన్, ఫోన్‌లో 'ఏకాగ్రతను పెంపొందించడం ఎలా' అనే పాఠం, చేతిలో చిక్కుడుకాయలు.

ఘాట్ మొదలయ్యేసరికి సిగ్నల్ పోతుంది. బస్సంతా ఒక్కసారే "అయ్యో!" కొత్తగా ఎక్కిన ముసలాయన ఎవరో పోయారనుకుని టోపీ తీస్తాడు. కిటికీలోంచి ఒక సారు మోచేతి దాకా చెయ్యి బయటపెట్టి ఫోన్‌తో ఆకాశాన్ని వెతుకుతుంటాడు. "ఆ మలుపు కాడ ఒక గీత వస్తాదప్పా, రవ్వంత ఆపు, సబ్మిట్ కొట్టుకుంటాం" అని ముందు సీట్లోంచి బతిమాలతారు. డ్రైవరు కూతురు ఈ సార్లలో ఎవరి దగ్గరో చదువుతోంది కాబట్టి ఆపుతాడు. వెనక లారీ హారను. ఆడవాళ్లకి జీరో టికెట్లు కొట్టుకుంటూ వచ్చిన కండక్టరు ఆగి, "ఏం ప్రశ్న సార్?" అంటాడు.

"మంచి ఉపాధ్యాయుడి లక్షణం ఏది? ఎ, పిల్లల మాట వినడం. బి, ఓర్పు. సి, నిరంతరం నేర్చుకోవడం. డి, పైవన్నీ."

"పైవన్నీ కొట్టు సార్. నిన్నా అదే గదా!"

కొట్టారు. 70 శాతం దాటింది. సర్టిఫికెట్ వచ్చింది. బస్సు కదిలింది.

నా మనవి ఒకటే, ఆ సర్టిఫికెట్ ముందు కండక్టరుకి ఇవ్వాలి. పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి అన్ని మాడ్యూళ్లూ విన్న మనిషి జిల్లాలో ఆయనొక్కడే. విన్నది ఆచరణలో పెట్టినవాడూ ఆయనే. మొన్న టికెట్ లేకుండా దొరికిన కుర్రాణ్ని ఒక్క మాటా తిట్టకుండా, "ఎందుకు తీసుకోలేదో నీ సొంత మాటల్లో చెప్పు నాయనా" అన్నాడు. టీచర్లందరూ ఫోన్లలోంచి తలెత్తి చూశారు, ఇదెక్కడో విన్నట్టుందే అని.

సర్టిఫికెట్ అందరి స్టేటస్‌లోకీ ఎక్కుతుంది. "కంగ్రాట్స్ మేడం." "మీక్కూడా సార్." సరే, అది వాళ్ల ముచ్చట.

కానీ ఈ ముచ్చట ఎవరు నేర్పారు? గుడ్డు ఫొటో, 2024 దాకా మరుగుదొడ్డి ఫొటో, ముఖం చూపించి హాజరు, అన్నీ టీచరు సొంత ఫోన్‌లో, సొంత డేటాతో. వాటి మధ్య వీడియో చూశావా లేదా అని కాదు, పూర్తయిందా లేదా అని సమీక్షల్లో అడుగుతారు. పూర్తయిన మండలం షీటులో పచ్చగా ఉంటుంది, కానిది ఎర్రగా. చూసింది బుర్రకెక్కిందా, బడిలో ఏమైనా మారిందా అని ఒక్కరంటే ఒక్కరు అడిగిన పాపాన పోలేదు. సిగ్గుండాలి.

కుప్పం వైపు ఒక ఏకోపాధ్యాయ బడిలో ఒక టీచరమ్మ ఉంది. ఆమె పిల్లల్లో చాలామందికి ఇంట్లో అరవం. వాన అంటే దిక్కులు చూస్తారు, 'మళై' అంటే కిటికీ వైపు పరిగెత్తుతారు. ఏ మాడ్యూలూ చెప్పకుండానే ఆమె ఆ పిల్లల అవ్వల దగ్గర కూచుని, ఇల్లు-వీడు, పిల్లి-పూనై, గుడ్డు-ముట్టై అని వాళ్ల గొంతులతోనే రెండు భాషల్లో మాటలు రికార్డు చేసింది. బొమ్మలతో వర్క్‌షీట్లు గీసింది. గుడుపల్లె, రామకుప్పం బడులకు పనికొస్తాయని గ్రూపులో పెట్టింది. ఒక బొటనవేలు బొమ్మ వచ్చింది. దాని కిందే ఎవరో కీ అడిగారు. అంతే, అవ్వల గొంతులు పైకి జరిగిపోయాయి.

పది రోజులకి అవే వర్క్‌షీట్లు ఇంకో గ్రూపులో ప్రత్యక్షమయ్యాయి. ఆమె పేరు చెరిపేసి, అడ్డంగా ఇంకొక సారు పేరూ, సూటు వేసుకున్న ఫొటోనూ. జాతీయ పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లు 2013లోనే బహిరంగ విద్యా వనరుల భాండాగారం తెరిచారు. తీసుకో, మార్చుకో, పంచుకో, చేసినవాళ్ల పేరు మాత్రం చెప్పు అన్నదే అక్కడి పద్ధతి. ఉచితమన్న ముక్క అందరికీ గుర్తుంది, పేరు చెప్పమన్న ముక్క దగ్గరే నెట్ పోతుంది. ఇది పంచుకోవడం కాదు సార్, దొంగతనం. సూటు వేసుకుని చేసినా దొంగతనమే.

ఆ టీచరమ్మకి మొన్న ఫోన్ వచ్చింది. "మేడం, మీ ఒక్కరి వల్ల మన మండలం ఎర్రగా ఉండాది. ఒక మాడ్యూలు పెండింగ్." ఏ మాడ్యూలని అడిగింది. మాతృభాష ఆధారంగా బోధన అన్నారు. ఆమె పిల్లల్ని లోపల కూచోబెట్టి, సిగ్నల్ దొరికే వరండా మెట్టు మీద కూచుని, వీడియో ఆడించి, పైవన్నీ కొట్టింది. సాయంత్రానికి మండలం పచ్చబడింది. గ్రూపు నిండా టపాకాయల బొమ్మలు. ఆ రోజు మధ్యాహ్నం ఆ బడిలో పాఠం జరగలేదు, దానికి ఆ షీటులో గడి లేదు.