విశ్రాంత ఉద్యోగుల సేవ దుప్పట్ల పంపిణీతో ఆగిపోకూడదు

ప్రతి ఏటా డిసెంబరు 17న మన పెన్షనర్ల సంఘాల భవనాల్లో సభలు జరుగుతాయి. వయసు మీరిన సభ్యులకు శాలువాలు కప్పుతారు. పింఛను ప్రభుత్వం వేసే భిక్ష కాదని, చేసిన సేవకు దక్కిన హక్కు అని వక్తలు గుర్తుచేస్తారు. 1982లో అదే తేదీన, విశ్రాంత ఉద్యోగి డి.ఎస్. నకారా వేసిన కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు వల్లనే ఆ మాటను ఇంత ధీమాగా అనగలుగుతున్నాం. 1979 మార్చి 31కి ముందు విరమణ చేసినవారికి ఒక లెక్క, ఆ తరవాత చేసినవారికి మరొక లెక్క అని ప్రభుత్వం గీసిన గీతను ఆ తీర్పు చెరిపివేసింది. అయితే ఆ కేసు వేసినవారిలో ఇద్దరు విశ్రాంత ఉద్యోగులు కాగా, మూడవ పిటిషనరు ‘కామన్ కాజ్’ అనే రిజిస్టర్డు సొసైటీ అన్న సంగతిని మన సభల్లో ఎవరూ చెప్పగా నేను వినలేదు. ప్రభుత్వ సర్వీసు నుంచి విరమించిన హెచ్.డి. శౌరి 1980లో ప్రారంభించిన సంస్థ అది. సొంతంగా కోర్టు మెట్లు ఎక్కే స్తోమత లేని పింఛనుదార్ల తరఫున ఆ సంస్థ నిలబడింది. అదే సంస్థ వేసిన మరొక వ్యాజ్యంలో 1996లో వచ్చిన తీర్పు, డబ్బుకు రక్తం అమ్ముకునే పద్ధతికి స్వస్తి పలకాలనీ, బ్లడ్ బ్యాంకులన్నీ లైసెన్సు తీసుకోవాలనీ ఆదేశించింది.

ట్రెజరీ శాఖలో పనిచేసి విరమించిన నేను ఈ చరిత్రను ఎందుకు ఎత్తుకున్నానంటే, ఈ రోజు మనం అనుభవిస్తున్న హక్కు వెనుక, ఉద్యోగం నుంచి దిగిపోయిన తరవాత కూడా కాగితం పట్టుకుని కూర్చున్న మనుషుల ఓపిక ఉంది. వారు పేదలకు పండ్లు పంచలేదు. తమకు తెలిసిన విద్యను, అంటే నిబంధన చదవడాన్ని, అర్జీ రాయడాన్ని, సమాధానం వచ్చేవరకు వెంటపడడాన్ని, ఆ విద్య తెలియనివారికి అందించారు. మన ఊళ్లలో సేవ చేయాలన్న సంకల్పం ఉన్న విశ్రాంత ఉద్యోగులకు కొరత లేదు. సేవా సంస్థలకూ కొరత లేదు. కానీ ఈ ఇద్దరూ కలిసి చేస్తున్న పనిలో ఎక్కువ భాగం చలికాలంలో దుప్పట్లు, జూన్‌లో నోటు పుస్తకాలు, జాతీయ దినాల్లో ఆసుపత్రి రోగులకు పాలు, రొట్టెలు పంచడం దగ్గరే ఆగిపోతున్నది. వాటిని నేను తక్కువ చేయడం లేదు, చలికి వణికేవారికి దుప్పటి అవసరమే. అయితే దుప్పటిని డబ్బున్న ఎవరైనా కొనివ్వగలరు. ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులోనో తాలూకాఫీసులోనో ఆసుపత్రిలోనో పనిచేసిన మనిషి మాత్రమే ఇవ్వగలిగినది వేరే ఉన్నది, దానిని ఎవరూ అడగడం లేదు.

ఒక ఉదాహరణ కొంచెం వివరంగా చెబుతాను. జీరో బ్యాలెన్సు ఖాతా ఉన్న కూలీల పాసుపుస్తకాల్లో చాలావాటిలో మే నెలాఖరున 20 రూపాయలు కోత పడిన వరుస ఒకటి కనిపిస్తుంది. అది ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ప్రీమియం. 18 నుంచి 70 ఏళ్ల వయసున్న ఖాతాదారు ప్రమాదంలో మరణిస్తే నామినీకి 2 లక్షల రూపాయలు రావాలి. కొన్ని ఖాతాల్లో 436 రూపాయల కోత కూడా ఉంటుంది, అది జీవన్ జ్యోతి బీమా. దాని కింద ఏ కారణంతో మరణించినా 2 లక్షలు వస్తాయి. ఈ రెండు పథకాలూ 2015 నుంచి ఉన్నాయి. సెంట్రింగ్ పనిలో పైనుంచి పడి ఒక మనిషి చనిపోతే, అతని భార్యకు ఆ 20 రూపాయల సంగతి తెలియదు. ఖాతా తెరిచిన రోజున ఎవరో సంతకం పెట్టమంటే అతను పెట్టి ఉంటాడు, ఇంట్లో చెప్పి ఉండడు. పాసుపుస్తకం ట్రంకు పెట్టెలోనే ఉంటుంది. దినకార్యానికి చేసిన అప్పు మాత్రం నెలనెలా వడ్డీతో పెరుగుతూ ఉంటుంది.

ఇప్పుడు ఆ ఇంటికి దుప్పటి పట్టుకుని వెళ్లే సేవా సంస్థ, తనతోపాటు ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగిని కూడా తీసుకువెళితే ఏమవుతుందో ఆలోచించండి. ఆయన పాసుపుస్తకం తెరిచి ఆ వరుసను పట్టుకుంటాడు. మరణాన్ని 21 రోజులలోగా నమోదు చేయించారా అని అడుగుతాడు. ఎఫ్ఐఆర్ నకలు, పోస్టుమార్టం నివేదిక ఎవరి దగ్గర ఉన్నాయో కనుక్కుంటాడు. నామినీ పేరు ఆధార్‌లో ఒకలాగా, బ్యాంకులో ఇంకొకలాగా ఉంటే ముందు దానిని సరిచేయిస్తాడు. క్లెయిము ఫారం నింపి, ప్రీమియం కోత పడిన శాఖలోనే ఇప్పించి, అందినట్టు రసీదు తీసుకుంటాడు. మృతుడు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో నమోదై ఉంటే అక్కడ వచ్చేది వేరు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబంలో సంపాదించే మనిషి 60 ఏళ్లలోపు మరణిస్తే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద వచ్చే 20,000 రూపాయలు వేరు. వితంతు పింఛను దరఖాస్తు మరొకటి. ఇవన్నీ ఆమెకు నిబంధనల ప్రకారం రావలసినవే. వాటిని తెచ్చుకోవడానికి ఆమె నాలుగైదు కార్యాలయాల చుట్టూ తిరగాలి, తిరిగిన ప్రతి రోజూ కూలి పోతుంది, అందుకే రెండోసారి ‘రేపు రా’ అనిపించుకున్న తరవాత చాలామంది మానేస్తారు. మన పక్క వీధిలోనే, కొద్దికాలం కిందటి వరకు సరిగ్గా ఆ కార్యాలయాల్లోనే కూర్చున్న మనిషి ఇంట్లో ఖాళీగా ఉంటాడు. వీళ్లిద్దరి మధ్య ఉన్న ఆ నాలుగు అడుగుల దూరాన్ని తగ్గించడమే సేవా సంస్థ చేయవలసిన పని అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

పెద్దాసుపత్రిలో కూడా ఇదే పరిస్థితి. పల్లె నుంచి తెల్లవారుజామున బయలుదేరి వచ్చిన ముసలి దంపతులకు ఓపీ చీటీ ఎక్కడ రాయించాలో, రక్తపరీక్ష గది ఏ అంతస్తులో ఉందో, ఆరోగ్యశ్రీ కౌంటరులో ఏ కార్డు చూపాలో చెప్పేవారు ఉండరు. విరమణ చేసిన స్టాఫ్ నర్సు ఒకావిడ వారానికి రెండు ఉదయాలు ఆ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటే, ఒక సేవా సంస్థ ఏడాదంతా పంచే రొట్టెల కంటే అది ఎక్కువ ఉపకారం. కేరళలో మంచాన పడిన రోగుల ఇళ్లకు వెళ్లే ఉపశమన వైద్య బృందాలు ఈ శతాబ్ది ఆరంభంలో మలప్పురం, కోళికోడ్ ప్రాంతాల్లో స్థానికులతోనే మొదలై రాష్ట్రమంతా అల్లుకున్నాయి. వారు ఊరివారికి కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, చందాలు కూడా ఊళ్లోనే సేకరించి, నర్సుతో కలిసి ఇంటింటికీ తిరిగారు. మన జిల్లాల్లో అది అసాధ్యమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

న్యాయసేవల విషయంలో అయితే చట్టం మన కోసం తలుపు తీసే ఉంచింది. న్యాయసహాయంలో ప్రాథమిక శిక్షణ పొంది సామాన్యులకు తోడుండే పారా లీగల్ వాలంటీర్ల కోసం తెచ్చిన 2009 నాటి పథకంలో విశ్రాంత ఉపాధ్యాయులను, విశ్రాంత ప్రభుత్వోద్యోగులను, వయోవృద్ధులను పేరుపెట్టి మరీ ప్రస్తావించారు. స్త్రీలు, ఎస్సీ, ఎస్టీలు, పిల్లలు, వికలాంగులు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హులని 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం చెబుతున్నది. ఆ సంగతి తెలిసి వారిని మండల న్యాయసేవా కమిటీ దాకా తీసుకువెళ్లే మనిషే కరవవుతున్నాడు.

సేవా సంస్థల తప్పు ఎక్కడ ఉందో కూడా నిర్మొహమాటంగా చెప్పాలి. వారికి విశ్రాంత ఉద్యోగి అంటే చందా ఇచ్చేవాడు, లేకపోతే వేదిక మీద కూర్చోబెట్టడానికి పనికివచ్చే గౌరవాధ్యక్షుడు. పని అప్పగించడం వారికి మొహమాటం. మరొకవైపు వారి సొంత కాగితాలే సరిగ్గా ఉండవు. సొసైటీ కార్యవర్గ జాబితా ఏటేటా రిజిస్ట్రారుకు వెళ్లదు. దాతల వివరాలతో మే 31లోగా దాఖలు చేయవలసిన ఆదాయపు పన్ను ఫారం దాఖలు కాదు, దాంతో చందా ఇచ్చినవారికి పన్ను మినహాయింపు దక్కదు. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇచ్చిన విరాళానికి ఆ మినహాయింపు వర్తించదని చాలామందికి తెలియనే తెలియదు. అమెరికాలో ఉన్న ఊరి పిల్లలు డబ్బు పంపుతామంటారు. భారత పౌరసత్వం ఉన్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు, అదే అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు పంపితే అది విదేశీ విరాళమవుతుంది, దానికి ప్రత్యేక అనుమతి ఉండాలి. ఈ తేడా తెలియక మంచి ఉద్దేశంతోనే చిక్కుల్లో పడే చిన్న సంస్థలు ఉన్నాయి. ఆడిట్ శాఖలో పనిచేసి విరమించినవారు నెలకు ఒక పూట కేటాయిస్తే ఈ చిక్కులన్నీ రాకుండా చూడవచ్చు.

మన వైపు కూడా దిద్దుకోవలసినది ఉంది. విరమణ చేసినా హోదా వదలని కొందరి తీరు వల్ల, సంస్థల్లో పనిచేసే పాతికేళ్ల యువతీ యువకులు పెద్దవాళ్లను పిలవాలంటేనే జంకుతున్నారు. సంస్థలోకి అడుగుపెట్టినప్పుడు మనం మాజీ డిప్యూటీ తహసీల్దారులం కాము, ఆ రోజు రిజిస్టరు రాయవలసిన మనుషులం. సమన్వయం చేసే అమ్మాయి వయసులో చిన్నదైనా, ఏ రోజు ఏ పని అన్నది ఆమె చెప్పినట్టే జరగాలి. సహాయం కోసం వచ్చినవారిని ‘ఏమ్మా, ఏంటి నీ సమస్య’ అని ఏకవచనంతో గద్దించే అలవాటు కార్యాలయంతోనే పోవాలి. ఆవిడను ‘కూర్చోండమ్మా’ అనడానికి ఏ జీవో అక్కరలేదు.

నమ్మకం విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. ఎవరి ఏటీఎం కార్డు గానీ పిన్ను గానీ ఓటీపీ గానీ మన చేతికి రాకూడదు. పాసుపుస్తకాలు, ఆధార్ నకళ్లు ఇంటికి తీసుకువెళ్లకూడదు. ఇద్దరు లేకుండా ఎవరి ఇంటికీ వెళ్లకూడదు. చేసిన ప్రతి పనీ తేదీతో రిజిస్టరులో రాయాలి. డబ్బు వచ్చిన తరవాత ‘మీకు తోచింది ఇవ్వండి’ అన్న మాట మన నోట రాకూడదు, వారు సంతోషంతో ఇవ్వబోయినా పుచ్చుకోకూడదు. దళారులకూ మనకూ తేడా అక్కడే తెలుస్తుంది.

సేవ అంటే సొంత డబ్బు కూడా ఖర్చు పెట్టుకోవాలన్న ధోరణి నాకు నచ్చదు. ప్రభుత్వ పింఛను వచ్చేవారికి అది భారం కాకపోవచ్చు. భవిష్యనిధి ఉన్న ఫ్యాక్టరీ, సంస్థల ఉద్యోగులకు వర్తించే పింఛను పథకం ఈపీఎస్-95 కింద 2014లో నిర్ణయించిన కనీస పింఛను 1,000 రూపాయలే, ఆ తరవాత పదేళ్లు దాటినా మారలేదు. మూతపడిన ఫ్యాక్టరీల్లోనూ సహకార సంస్థల్లోనూ పనిచేసినవారిలో ఆ కాస్త మొత్తంతో నెట్టుకొస్తున్నవారు ఉన్నారు, వారిలో లెక్కలు రాయడంలో నిపుణులూ ఉన్నారు. వారికి బస్సు ఛార్జీ, మధ్యాహ్న భోజనం సంస్థే ఇవ్వాలి. స్త్రీల పరిస్థితి వేరు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి వారికి కొన్ని రకాల ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితమయింది. కానీ విశ్రాంత ఉపాధ్యాయినికి మనవల బడి, వంట, అత్తగారి మందులు చూసుకున్న తరవాతే తీరిక దొరుకుతుంది. ఆమె రాగలిగిన వేళకు పనివేళలు మార్చుకోవలసిన బాధ్యత సంస్థదే. పిల్లల కాన్పులకు అమెరికా వెళ్లి ఆరు నెలలు ఉండిపోయేవారు మనలో ఎక్కువ కనుక, ఏ పనికైనా మొదటి నుంచే ఇద్దరిని పెట్టుకోవడం మంచిది.

ఇంకొక మాట చెప్పకపోతే ఇది అసంపూర్ణం. మనం ఉచితంగా చేస్తున్నాం కదా అని ఆసుపత్రిలో ఖాళీగా ఉన్న నర్సు పోస్టును, కార్యాలయంలో ఖాళీగా ఉన్న గుమాస్తా పోస్టును భర్తీ చేయకుండా వదిలేస్తే, మనం సేవ పేరుతో ఒక నిరుద్యోగి పొట్ట కొట్టినవాళ్లమవుతాం. కౌంటరు లోపల కూర్చోవలసినది జీతం తీసుకునే ఉద్యోగి. మన చోటు కౌంటరు బయట, వరుసలో నిలబడిన మనిషి పక్కన. పోస్టు ఖాళీగా ఉంటే ఎంతకాలంగా ఖాళీగా ఉందో సమాచార హక్కు చట్టం కింద అడగడం కూడా మన సేవలో భాగమే.

తాము బతికే ఉన్నామని ఏటా ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రాల కోసం పెన్షనర్లు సంఘ భవనాలకు ఎలాగూ వస్తారు. ఆ రోజుల్లోనే ఎవరు ఏ శాఖలో పనిచేశారు, వారంలో ఏ పూట రాగలరు అన్న జాబితా తయారు చేసి, ఊళ్లోని సేవా సంస్థలకు అందజేయవచ్చు. భవనంలో ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక రిజిస్టరు ఏర్పాటు చేయడానికి చందా వసూలు చేయవలసిన పని కూడా లేదు. ఏప్రిల్, మే నెలల్లో వాడవాడకూ వెళ్లి పాసుపుస్తకాలు చూసి, బీమా కోత పడే ఖాతాలో డబ్బు ఉందా, నామినీ పేరు సరిగ్గా ఉందా, ఇంట్లోవారికి ఆ సంగతి తెలుసా అని మూడు ప్రశ్నలు అడిగి రావచ్చు. ఈ ప్రతిపాదనను మా సంఘం కార్యవర్గానికి రాతపూర్వకంగా ఇచ్చాను. మీ ఊరి సంఘానికి ఇవ్వదలచినవారు అడిగితే ఆ ప్రతిని పంపుతాను.