ప్రియదర్శిని పెట్టెను మరిచిండ్రు

నువ్వు పెట్టిన సైన్స్ ఫిక్షన్ సినిమాల లిస్ట్ మంచిగనే ఉంది అన్నా, గానీ పది సినిమాలు చెప్తే పదీ హాలీవుడ్‌వేనా, మన ఆదిత్య 369 యాడ వోయింది? 1991లనే డైరెక్టర్ సింగీతం గారు టైం మెషీన్ ఎక్కించి సీదా కృష్ణదేవరాయల కాలానికి తీస్కపోయిండు. అది నచ్చినోళ్లు హెచ్.జి. వెల్స్ 1895ల రాసిన టైం మెషీన్ చదువుర్రి, చిన్న పుస్తకమే, హన్మకొండల డిగ్రీ చదివేటప్పుడు రూంల కరెంట్ పోతే కొవ్వొత్తి పెట్టుకొని ఒక్క రాత్రిల ఒడగొట్టిన, భూమి కిందికెల్లి మోర్లాక్‌లనే భయంకరమైన జీవులు వచ్చే కాడ మాత్రం చెమటలు వట్టినయ్. ఇగ నవ్వుతరేమో గానీ నా లెక్కల 1957 మాయాబజార్ గూడ సైన్స్ ఫిక్షనే, అండ్ల ప్రియదర్శిని పెట్టె తెరిస్తే శశిరేఖకు అభిమన్యుడు కనవడుతడు, వీడియో కాల్ కాదా అది? మా బాపు ఒప్పుకోడు, మాయ అంటే మాయనే అంటడు.