గొర్రెల లెక్క సరే, గడ్డి లెక్క ఏది?

దేశంలోని 7.43 కోట్ల గొర్రెల్లో దాదాపు సగం రెండు తెలుగు రాష్ట్రాలవేనని 2019 పశుగణన చెబుతోంది. తెలంగాణది మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండోది. ఇన్ని జీవాలు ఎక్కడ మేయాలో మాత్రం విధానపత్రాల్లో వెతికినా సరిగా కనబడదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం రాయితీపై కుటుంబానికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచడం మొదలుపెట్టింది. ఆ పథకంలో డబ్బు ఎటు పోయిందన్న విచారణలు పతాక శీర్షికలకెక్కాయిగాని, పెరిగిన మందకు సరిపడా మేత ఏదని అడిగినవారు తక్కువ.

మేత పోరంబోకులు, బంచరాయిలు, కంచలు వంటి ఊరుమ్మడి మేత భూములు ఏ ఒక్కరివీ కావు గనుక వాటి బాగోగులూ ఎవరికీ పట్టలేదు. ఆక్రమణలు, పట్టాల పంపకాలు, మొక్కల పెంపకం పోగా మిగిలిన బీటిలోకి ఊరి మందంతా దిగుతోంది. జీవాలు ఇష్టంగా తినే నెండ్ర, చెంగలి గడ్డి విత్తనం కట్టకముందే మాయమై, అవి ఆకు ముట్టని తంగేడు, వయ్యారిభామ, సర్కారు తుమ్మ కమ్ముకుంటున్నాయి. గుట్టంతా విరగబూసిన తంగేడును చూసి మురిసిపోతుంటాం. కాపరికి మాత్రం అది అక్కడ గడ్డి అయిపోయిందని చెప్పే గుర్తు. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2011లోనే రాష్ట్రాలను ఆదేశించింది. అయితే భూమి చేతికొచ్చినంత మాత్రాన పచ్చిక రాదు.

ఈ చిక్కు మనదొక్కరిదే కాదు. ఐర్లండ్ పశ్చిమ ప్రాంతంలోని ఉమ్మడి కొండ భూముల్లో తలకింత అని ఇచ్చిన ఐరోపా రాయితీ కోసం రైతులు గొర్రెలను పెంచుకుంటూ పోయారు. కొండలు బోడులయ్యాయి. చివరకు 2002లో ఐరోపా న్యాయస్థానం ఆ దేశాన్ని తప్పుపట్టింది. మందలపై విధించిన కోతలు కొన్నిచోట్ల అతిగా మారి, మేపు లేక పొదలు పెరిగాయన్న ఫిర్యాదులూ వచ్చాయి. అదే దేశంలోని బర్రెన్ ప్రాంతంలో 2010 నుంచి వేరే పద్ధతి పట్టారు. పచ్చిక స్థితిని బట్టి పొలానికి పదికి ఇన్ని మార్కులని వేసి, మార్కులు పెరిగినకొద్దీ ఎక్కువ డబ్బు ఇచ్చారు. జీవాల తలలు లెక్కబెట్టకుండా పచ్చికను కొలిచి చెల్లించే ఈ సూత్రాన్ని ఇక్కడా పరీక్షించి చూడాలని మేం కోరుతున్నాం.

అయితే దాన్ని యథాతథంగా దించితే నడవదు. మేపు ఆపి గడ్డికి విశ్రాంతి ఇవ్వవలసింది తొలకరి నుంచి గింజ రాలేదాకా. సరిగ్గా ఆ నెలల్లోనే చేలన్నీ పైరుమీద ఉంటాయి గనుక మందలకు బీడు తప్ప మరో దిక్కుండదు. కోతలయ్యాక చేలలో మందకట్టి ఎరువు ఇస్తే రైతు ధాన్యమో డబ్బో ముట్టజెప్పే ఏర్పాటు ఉంది. వానాకాలానికి అలాంటి ఆసరా లేదు. బీడంతా ఒక్కసారి మూసేస్తే మూడు వందల గొర్రెలున్న ఆసామి లారీ ఎక్కించి మరో జిల్లాకు తోలగలడు, నాలుగు మేకలతో బతికే ఒంటరి మహిళ ఏం చేయగలదు? హరితహారం మొక్క కొరికిందని మేకలకు జరిమానాలు వేసిన ఊళ్లను చూశాక ఈ భయం ఊహ అనలేం.

అందుచేత ఏటా మూడో వంతు బీటినే మూయాలి. ఆ మేరకు తగ్గిన మేతకు బదులు జొన్నచొప్పో దాణానో కొనుక్కునే మొత్తాన్ని జీవాల లెక్కన కాక కుటుంబాల లెక్కన ముందుగానే ఇవ్వాలి. గడ్డి తిరిగి లేచిందని ఏడాది చివర తేలితే రెండో వాయిదా కాపరుల కమిటీ ఖాతాలో పడాలి. కొలిచేటప్పుడు పశువైద్య సహాయకుడితోపాటు కాపరులూ ఉండాలి, ఎందుకంటే ఏ గడ్డి పోయిందో, ఏది వచ్చిందో వారికి తెలిసినంతగా ఉపగ్రహ చిత్రానికి తెలియదు. జాతీయ పశుసంపద మిషన్‌లోని పశుగ్రాస నిధులను, కందకాలు తవ్వి తుమ్మ తొలగించే ఉపాధి పనులను దీనికి జోడిస్తే కొత్త బడ్జెట్ భారమూ తగ్గుతుంది.

బాగుపడిన బీటిని ఊరివాళ్లు బయటి మందలకు మూసేసే ప్రమాదమూ ఉంది. పాలమూరు నుంచి ఏటా వలసపోయే మందలు దారిలోని ఊళ్ల మీదే ఆధారపడతాయి. ఆ దారులను పటంలో గుర్తించి, వలస మందకు నీళ్లు, ఒకటి రెండు రాత్రుల మజిలీ ఇవ్వాలన్న షరతును కమిటీలతో కుదుర్చుకునే తొలి ఒప్పందంలోనే రాయాలి.