స్టాన్‌ఫర్డ్ డైలీ గారూ, ఇదేం పద్ధతి?

కాలిఫోర్నియాలో ఉన్న స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ విద్యార్థుల పత్రిక స్టాన్‌ఫర్డ్ డైలీ గారికి,

నమస్కారం. ఇక్కడ అందరం క్షేమం. నేనూ ఒకప్పుడు విద్యార్థి సంపాదకుణ్ణే. కోస్తాలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ వార్షిక సంచికకు పనిచేశాను. ఆ చనువుతో నాలుగు ముక్కలు రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

మీరు 1892లో పుట్టారట, యూనివర్సిటీ తలుపులు తెరిచిన మరుసటేడే. ఇంత వయసొచ్చినా పెద్దల దగ్గర ఎలా మెలగాలో తెలియలేదంటే అది పెంపకం లోపమే. 1973లో యూనివర్సిటీ నుంచి విడిపోయి వేరు కాపురం పెట్టారు చూడండి, అక్కడే చెడింది.

మాది ఉమ్మడి కుటుంబం. డబ్బు ఫీజులో 'మ్యాగజైన్' పద్దు కింద మేం కట్టేవాళ్లం, పెత్తనం ఆఫీసు చేసేది. మొదట ఛైర్మన్ గారి సందేశం, తర్వాత కరస్పాండెంట్ గారిది, ఆ తర్వాత ప్రిన్సిపాల్ గారిది. మూడూ నేనే రాశాను. తొందరలో ఛైర్మన్ గారికీ ప్రిన్సిపాల్ గారికీ ఒకటే పేరా పడిపోయింది. ఎవరూ పట్టుకోలేదు. చదివితే కదా!

ఆ ఏడు నాకు కొంచెం పొగరెక్కి హాస్టల్ మెస్ మీద ఒక పేజీ రాశాను. విమర్శ కూడా కాదు, ఒట్టి లెక్క. సాంబారులో ములక్కాడ ముక్క నెలలో ఎన్నిసార్లు కనిపించిందో ఒక జూనియర్ రోజూ రాసిపెట్టాడు. నాలుగుసార్లు. ప్రూఫ్ తిరిగొచ్చేసరికి ఆ పేజీ మీద ఈ మూల నుంచి ఆ మూలకి ఎర్ర పెన్నుతో ఒక గీత, పక్కన 'స్పేస్ లేదు' అని రాత. అచ్చయ్యాక చూస్తే ఆ జాగాలో సెమినార్ హాల్ రిబ్బన్ కటింగ్ ఫోటో ఉంది. ఫోటోలో పదకొండు మంది, కత్తెర ఒకటే.

ఇక మీ నిర్వాకం. 2022 నవంబరులో మీ విలేకరి థియో బేకర్ ఏం చేశాడు? యూనివర్సిటీ ప్రెసిడెంటు, అంటే మా లెక్కలో వైస్ ఛాన్సలర్, మార్క్ టెసియర్-లవీన్ గారి పరిశోధన పత్రాలు ముందేసుకుని, అందులో ఫోటోలు తారుమారయ్యాయన్న ఆరోపణల మీద వార్త రాశాడు. పోనీ సీనియరా అంటే, ఫస్టియర్! మా దగ్గర ఫస్టియర్ కుర్రాడు తన చొక్కా మూడో గుండీ మీంచి చూపు తిప్పకుండా నడవాలి.

దాని మీద మీ యూనివర్సిటీ ధర్మకర్తలు ప్రెసిడెంటు మీదే విచారణ వేశారు. ఆయన స్వయంగా డేటా మార్చలేదని, అయితే తప్పులు కళ్లబడ్డాక గట్టిగా పూనుకుని సరిదిద్దలేదని తేల్చారు. 2023 జులైలో రాజీనామా ప్రకటించారాయన. కుర్రాడికేమో పత్రికా రచనకిచ్చే పోల్క్ అవార్డు. మా కాలేజీలోనూ కమిటీ వేసేవాళ్లు, కాకపోతే కుర్రాడి మీద. అటెండెన్స్ 75 శాతానికి రెండు తగ్గిందని తేలేది. వాళ్ల నాన్న పొలం పని మానుకుని బస్సెక్కి వచ్చి, ప్రిన్సిపాల్ గది బయట చెప్పులు విడిచి నిలబడేవాడు.

మీకిది కొత్త కూడా కాదట. 1971 ఏప్రిల్‌లో యూనివర్సిటీ ఆసుపత్రిలో ఆందోళనకారులకూ పోలీసులకూ గొడవైతే మీరు ఫోటోలు వేశారు. మర్నాడు పోలీసులు వారంటు పట్టుకుని మీ ఆఫీసుకొచ్చి బల్లలు, ఫైళ్ల బీరువాలు, ఆఖరికి చెత్తబుట్టలు కూడా వెతికారు. దొరికినవి మీరు ముందురోజు అచ్చేసిన ఫోటోలే. పాపం, పేపరు చదివే అలవాటున్నట్టు లేదు. మా సంచిక ఆఫీసులో చెత్తబుట్ట వెతికుంటే అసలు వార్తలన్నీ దొరికేవి.

పోలీసులొచ్చి వెళ్లాక టీ తాగి పడుకోవాలా? కోర్టుకెక్కారు. 1978లో సుప్రీంకోర్టు 5-3తో పోలీసులదే సబబంది. ఓడిపోయాం కదా అని మూలన కూర్చున్నారా అంటే అదీ లేదు. మీ కేసు మీద రేగిన గోలకి 1980లో పత్రికాఫీసుల సోదాలకు పగ్గం వేస్తూ ఏకంగా చట్టమే వచ్చింది. మా దగ్గర ఓడినవాళ్లకి సప్లీ తప్ప ఏమీ రాదు.

నిజం చెప్పొద్దూ, ఇదంతా చదివి కుళ్లుకున్నాను. ఒక్కచోట మాత్రం మీరూ మా దారికొచ్చారనిపించింది. పాలస్తీనా పక్షాన రాస్తే వీసా పోతుందేమోనని మీ దగ్గర పనిచేసే విదేశీ విద్యార్థులు కొందరు వార్తలు రాయనంటున్నారట, పాతవి తీసేయమంటున్నారట. మా పిల్లలు ఎఫ్-1 వీసాల మీద అక్కడ ఎందరో ఉన్నారు. "దేనికీ లైక్ కొట్టకు నాన్నా" అని ఇక్కణ్ణుంచి అమ్మలు ఫోన్లో చెబుతున్నారు. మీరేమో 2025 ఆగస్టులో నేరుగా అమెరికా విదేశాంగ మంత్రి రూబియో మీదే దావా వేశారు. మళ్లీ అదే బుద్ధి!

ములక్కాడ లెక్క రాసిన మా జూనియర్ కూడా చివరి నిమిషంలో వచ్చి "అన్నా, నా పేరు వేయొద్దన్నా" అన్నాడు. సరేనన్నాను. పేజీయే పడలేదు గనక మాట పూర్తిగా నిలబెట్టుకున్నట్టే.

ఇట్లు,
ఒక మాజీ విద్యార్థి సంపాదకుడు

తా.క.: ఈ ఉత్తరం అచ్చేస్తే నా పేరూ, కాలేజీ పేరూ బయటపెట్టకండి. మా తమ్ముడూ అక్కడే చదివాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బులు పడేదాకా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వరట.