తువాలుకు విడిది ఖర్చులు

తువాలు అనగానే భుజం తడుముకోకండి, అది దేశం. పసిఫిక్‌లో తొమ్మిది దీవులు, అన్నీ కలిపినా 26 చదరపు కిలోమీటర్లు. జనం 11 వేలకు అటూ ఇటూ. మన దగ్గరైతే ఓ పెద్ద పంచాయతీ. కాకపోతే దీనికి ఐక్యరాజ్యసమితిలో ఓటుంది. ఓటున్న చోట ఆప్యాయతకు కొదవా?

ఆ ఆప్యాయత ముద్దుపేరే కెపాసిటీ బిల్డింగ్, అంటే దాతలు బృందాలను పంపి ఇక్కడి అధికారులకు పని నేర్పడం. రాజధాని ఫునాఫుటిలో సాయంత్రాలు రన్‌వే మీదే పిల్లలు బంతాట ఆడుకుంటారు. సైరన్ మోగితే తప్పుకుంటారు. ఆ దిగే విమానంలోంచి ల్యాప్‌టాప్ సంచులతో వచ్చేవారు అచ్చం మగపెళ్లివారే. పని తెలిసిన ఒక్క అధికారి పొద్దున ఒక దాత దేశానికి, మధ్యాహ్నం బ్యాంకు బృందానికి, సాయంత్రం వాతావరణ నిధివారికి అవే లెక్కలు మూడు రకాల ఫారాల్లో ఒప్పజెప్పాలి. తిరిగెళ్లినవారి రిపోర్టు తేల్చేదేమిటయ్యా అంటే, ఈ శాఖలో పనులు ఆలస్యం, సామర్థ్యం చాలదు, ఇంకో బృందం వెళ్లాలి. విడిదింటికి కాఫీలు మోసేసరికి పొయ్యి మీద అన్నం మాడితే, ఆడపెళ్లివారికి వంట రాదన్నట్టు. (ఇన్నేళ్ల శిక్షణలో దేశానికి మొదటి ఏటీఎం వచ్చింది 2025లో.)

ఆస్ట్రేలియా ఇంకో మెట్టెక్కింది. 2023లో ఫాలెపిలి ఒప్పందం కుదుర్చుకుంది. ఆ మాటకు తువాలులో అర్థం ఇరుగుపొరుగు ధర్మం. ఏటా 280 మందికి అక్కడ స్థిరపడే వీసా. 2025లో మొదటి లాటరీకి కుటుంబాలతో కలిపి 8,750 మంది పేర్లిచ్చారు. కాళ్ల కిందికి సముద్రం వస్తుంటే ఎవరైనా ఇస్తారు. నాకు జాలి ఆ శిక్షణ తరగతుల మీదే: ఒక చేత్తో గుమాస్తాకు ఆడిట్ నేర్పడం, రెండో చేత్తో వీసా ఇవ్వడం. పైగా తువాలు మరో దేశంతో రక్షణ ఒప్పందం చేసుకోవాలంటే ఆస్ట్రేలియా కూడా సరేననాలి. ధర్మం ధర్మమే, షరతు షరతే.

సామర్థ్యం లేదంటున్న ఇలాంటి పసిఫిక్ దేశాలే 1982లో చేపలవేట మీద నౌరూ ఒప్పందంతో జట్టుకట్టాయి, తువాలు తర్వాత చేరింది. ఇప్పుడు తువాలుతో సహా ఎనిమిది దేశాలు ట్యూనా చేపలు పట్టే విదేశీ ఓడలకు వేట రోజులు అమ్ముతాయి. ఏడాదికిన్ని రోజులే, రోజుకు కనీసం 8,000 అమెరికా డాలర్లు. బేరం లేదు.

నా ప్రతిపాదన చిన్నది. అదే పద్ధతి బృందాలకూ పెట్టాలి. దాతకు ఏటా ఇన్ని రోజులని కోటా. దాటితే అదే రేటు. వర్క్‌షాపు వలలో పడిన అధికారిని ఎన్ని గంటలు సీటుకు దూరంగా ఉంచారో లాగ్‌బుక్‌లో రాయాలి. కొత్తగా చేరిన గుమాస్తాలు పిల్లచేపల కింద లెక్క, పడినా వదిలెయ్యాలి. ఓడల మీద ఉన్నట్టే ప్రతి బృందం వెంటా ఓ తువాలు పరిశీలకుడుండాలి.

ఆ పరిశీలకుడికి శిక్షణ ఎవరిస్తారని మాత్రం పైకి అడక్కండి. వచ్చే విమానంలో దిగుతారు.