'కొవ్వు పెడితేనే కుక్క మాట వింటుంది' అని ఎవరు చెప్పారండీ?

కావలిలో కుక్కల్ని పెంచేవాళ్ల ఫోన్లలో ఈమధ్య ఒకటే మెసేజ్ తిరుగుతోంది. బావమరిది పంపాడు, పక్కవీధి పాలాయన పంపాడు, కుక్కే లేని మా పెద్దమ్మ కూడా పంపింది. అందులో ఉన్నది ఇంతే: "ట్రైనింగ్‌కి కొవ్వున్న ట్రీట్లే పెట్టండి, కోడి తోలు, నెయ్యి ముద్ద, చీజ్. లో ఫ్యాట్ అనేది కంపెనీల మోసం. ట్రీట్ ఎంత పెద్దదైతే కుక్క అంత తొందరగా నేర్చుకుంటుంది. మనం తినేది ఏదైనా దానికీ మంచిదే."

ముందు తోలు సంగతి, ఎందుకంటే ఆ తప్పు నేనూ చేశాను. మా ల్యాబ్‌కి (ల్యాబ్రడార్ కుక్క) ఎనిమిది నెలలప్పుడు చికెన్ అంగడిలో తోలు ఊరికే ఇస్తున్నారు కదా అని తెచ్చి, పెనం మీద కరకరలాడేలా వేయించి, 'రా', 'ఆగు' నేర్పించాను. వారంలో నేర్చుకున్నాడు, అబద్ధం చెప్పను. రెండో ఆదివారం రాత్రి వాంతులు మొదలయ్యాయి, ముందుకాళ్లు చాచి ఛాతీ నేలకి ఆనించి, వెనకభాగం మాత్రం పైకెత్తి దండం పెడుతున్నట్టు నిలబడ్డాడు, కడుపు మీద చెయ్యి వేస్తే మూలిగాడు. నెల్లూరు తీసుకెళితే డాక్టరుగారు అడిగిన మొదటి మాటే "ఏం పెట్టారు?". క్లోమం (పాంక్రియాస్) వాచింది, మూడు రోజులు సెలైన్. కోడి తోలులో దాదాపు మూడో వంతు కొవ్వే, వేయిస్తే అది ఇంకా చిక్కబడుతుంది. అన్ని కుక్కలకీ ఇలాగే అవుతుందని కాదు, కానీ ఒక్కసారిగా పడ్డ కొవ్వు తిండి తర్వాత క్లోమం వాచడం వెట్‌లు (పశువుల డాక్టర్లు) తరచూ చూసేదే.

కొవ్వు లేకపోతే రుచి ఉండదు, కుక్క పట్టించుకోదు అంటారు. కుక్క ముందు చూసేది వాసన. తోలు తీసి, ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్ బ్రెస్ట్‌ని గోరువెచ్చగా జేబులోంచి తీసి చూడండి, ఎలా తోకాడిస్తుందో. వందగ్రాములకి మూడు నాలుగు గ్రాములే కొవ్వు. ఇక మన జిల్లాలో రొయ్యలకేం కొదవ? పొట్టూ తలా తోకా తీసి ఉడికించిన రొయ్యలో కొవ్వు అంతకన్నా తక్కువ. మొదటిసారి చిన్న ముక్కే పెట్టండి, కొన్ని కుక్కలకి పడదు. కీరా, క్యారెట్, ఉప్పు లేని బొరుగులు కూడా బాగానే పనిచేస్తాయి, కాకపోతే ఇంట్లో మాత్రమే. బయట వీధికుక్క ఎదురైనప్పుడు కీరా ముక్క చూపిస్తే మావాడు నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూస్తాడు.

పెద్ద ట్రీట్ అన్నది మరీ విడ్డూరం. ముప్పై కిలోల ల్యాబ్‌కి రోజుకి సుమారు 1,400 కేలరీలు చాలు, అందులో ట్రీట్ల వాటా పదో వంతు దాటకూడదు, అంటే 140. చెంచా నెయ్యి దాదాపు 45, మూడు చెంచాలతో లెక్క అయిపోయింది, మీరు నేర్పింది మూడుసార్లు. అదే 140 కేలరీలకి ఉడికించిన బ్రెస్ట్ ఎనభై గ్రాముల పైనే వస్తుంది, సెనగగింజంత ముక్కలు చేస్తే నూటికి పైగా. నేర్చుకునేది ఎన్నిసార్లు బహుమతి దొరికిందన్న దాన్ని బట్టే గానీ ముక్క సైజుని బట్టి కాదు. ఆ మేరకి రాత్రి గిన్నెలో తగ్గించాలి, ఇది మాత్రం అందరూ మర్చిపోతారు. ల్యాబ్‌లకి ఇంకో తిప్పలు: 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు చూస్తే, ఇంచుమించు నాలుగింట ఒక ల్యాబ్‌లో కడుపు నిండినట్టు తెలియజేసే జన్యువు దెబ్బతిని ఉంది. ఎంత పెట్టినా ఇంకా కావాలనే చూస్తుంది, ఆ చూపుకి కరిగిపోవద్దు.

మనం తినేది ఏదైనా మంచిదేనా? ఉల్లి, వెల్లుల్లి రక్తకణాల్ని దెబ్బతీస్తాయి. ద్రాక్ష, కిస్మిస్ కిడ్నీలకి ముప్పు, ఎన్ని తింటే ప్రమాదమో లెక్క లేదు. 2021లో అమెరికా వెట్‌లు దానికి టార్టారిక్ ఆమ్లం కారణమై ఉండొచ్చన్నారు, మన చింతపండులో అది దండిగా ఉంటుంది. కాబట్టి చేపల పులుసులోంచి ముక్క కడిగి పెట్టినా నేను ఒప్పుకోను. షుగర్ లేని చాక్లెట్లు, చూయింగ్‌గమ్‌లలో ఉండే జైలిటాల్ అనే తీపి పదార్థం అయితే ప్రాణాంతకం. మలైకాజా సంగతి నేను చెప్పాలా?

కంపెనీల మోసం అన్న ముక్కలో మాత్రం సగం నిజముంది. కొవ్వు తీసేసి మైదా, చక్కెర నింపిన బిస్కెట్ ప్యాకెట్ మీద కూడా లో ఫ్యాట్ అని రాసుకోవచ్చు. ఇంకో కిటుకు, నూటికి ఎనభై వంతులు నీరుండే తడి ట్రీట్ మీద 'కొవ్వు 5%' అంటే నీరు తీసేసి లెక్కిస్తే అది 25. కంపెనీ మోసం చేస్తోందని ఆ ప్యాకెట్ వదిలేస్తే సరే, దానికి బదులు తోలు ఎందుకు పట్టుకోవాలి?

ఇదంతా పెద్దమ్మకి ఫోన్‌లో చెప్పాను. "మరి ఆదివారం తోలు వాడికి వద్దన్నావా, మా పిల్లికి తెచ్చిపెట్టురా" అంది.